రాయి లేని సీమలో రాతి చరిత్ర

మా చెరుకుపల్లి ప్రాంతానికి రాయి లేదు. ఇది అతిశయోక్తి కాదు. ఇటు రేపల్లె, అటు బాపట్ల, ఎగువన తెనాలి. ఈ మూడింటి నడుమ ఎక్కడ గునపం దించినా మెత్తని మన్ను, దాని కింద ఒండ్రు, దాని కింద ఇసుక. నూతులు తవ్వినవారికి ఊట తగిలిందే గాని బండ తగలలేదు. ఇదంతా కృష్ణమ్మ వేల ఏళ్ళుగా మోసుకొచ్చి పరచిన నేల. కాబట్టి మా ఊళ్ళలో కనిపించే ప్రతి రాయీ, ఊరి నడుమ బొడ్రాయి మొదలుకొని పెరట్లో రోలు దాకా, గుడిలో ధ్వజస్తంభపు పీఠం మొదలుకొని వసారాలో పరచిన నాపరాయి దాకా, ఎక్కడినుంచో బండి మీదనో పడవ మీదనో వచ్చినదే. రాయి మాకు అతిథి. అతిథి గనుకనే దాని రాకకు ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను, దానితోపాటు రాతి గుణాలను మనుషులు ఎట్లా పరీక్షిస్తూ వచ్చారన్న సంగతిని ఈ టపాలో నాకు తెలిసినంత మేరకు చెప్పే ప్రయత్నం చేస్తాను.

తెలుగు పండితుడికి రాళ్ళ శాస్త్రంతో ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. పని ఉన్నది. అమరకోశం శైలవర్గం వల్లె వేసినవాడికి అశ్మం, ఉపలం, శిల అనే మాటలన్నీ ఒకే వస్తువుకు పేర్లుగా తోస్తాయి. కాని అచ్చ తెలుగులో రాతికి ఉన్న పేర్లను గమనించండి. నిప్పు రాలితే చెకుముకి రాయి. గీస్తే గీత పడితే బలపపు రాయి. కాల్చి నీళ్ళు చల్లితే పొడి అయ్యేది సున్నపురాయి. పలకలు పలకలుగా లేచేది నాపరాయి. చేత్తో రుద్దితే రేణువులు రాలేది ఇసుకరాయి. ప్రతి పేరులోనూ ఒక పరీక్ష దాగి ఉన్నది. నిప్పుతో పరీక్ష, నీటితో పరీక్ష, గీతతో పరీక్ష, దెబ్బతో పరీక్ష. యంత్రాలు రాకముందే మన పూర్వులు రాతిని పరీక్షించి, ఆ ఫలితాన్ని పేరుగా పెట్టుకున్నారు. తరగతి గదిలో ప్రకృతి వికృతులు చెప్పే రోజుల్లో పిల్లలకు ఈ మాటలు చెబితే, వ్యాకరణం కంటే వీటినే ఇష్టంగా వినేవారు.

మా ప్రాంతంలో రాతి చరిత్ర చెప్పాలంటే భట్టిప్రోలుతో మొదలు పెట్టాలి. మా ఊరికి కొద్ది మైళ్ళ దూరం. అక్కడి మట్టిదిబ్బ కింద ఒక మహాస్తూపం ఉన్నది. 1892లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి దాన్ని తవ్వించినప్పుడు స్తూపగర్భంలో రాతి పేటికలు, వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, పూసలు, బుద్ధధాతువులుగా పూజలందుకొన్న అస్థిశకలాలు బయటపడ్డాయి. పేటికల మీద ప్రాకృతభాషలో శాసనాలు. వాటిలో కుబిరకుడనే రాజు పేరు ఉన్నది. బ్యూలర్ పండితుడు ఆ శాసనాలను చదివి 1894లో ప్రకటించారు. ఆ అక్షరాలు అశోకుని బ్రాహ్మికి దగ్గరివే అయినా, కొన్ని అక్షరాల తీరు వేరు. భట్టిప్రోలు లిపి అని దానికి ప్రత్యేకంగా పేరు వచ్చింది. తెలుగు, కన్నడ లిపుల పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవారెవరూ ఆ పేటికలను తలచకుండా ముందుకు పోలేరు.

ఇప్పుడు ఆ గర్భంలోని వస్తువులను రాతి దృష్టితో చూద్దాం. 1812లో జర్మన్ ఖనిజశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మోస్ కాఠిన్యానికి పది మెట్ల నిచ్చెన ఒకటి వేశారు. ఏది దేన్ని గీయగలదన్నదే దాని సూత్రం. మొదటి మెట్టు బలపపు రాయి, పదో మెట్టు వజ్రం. మన చేతి గోరు సుమారు రెండున్నర మెట్ల దగ్గర ఉంటుంది, మంచి ఉక్కు అయిదున్నర దాకా పోతుంది. సున్నపురాయిలో ఉండే కాల్సైట్ మూడో మెట్టు. స్ఫటికం ఏడో మెట్టు. అంటే ఇనుప ఉలి సున్నపురాయి మీద వెన్న మీద కత్తిలాగా కాకపోయినా, మాట వినేటట్టు నడుస్తుంది. స్ఫటికం మీద మాత్రం ఉలి జారిపోతుంది. దాన్ని తొలచి భరిణె చేయాలంటే అంతకంటే గట్టిదైన కురువిందపు పొడి కావాలి, తొమ్మిదో మెట్టు అది. పొడి వేసి, నీళ్ళు పోస్తూ, రోజుల తరబడి అరగదీయాలి. ఇరవై రెండు శతాబ్దాల నాడు ఆ పని చేసిన చేతులకు మోస్ నిచ్చెన తెలియదు. కాని ఏ రాయి దేనికి లొంగుతుందో తెలుసు. తెలియకపోతే ఆ భరిణె లేదు.

భట్టిప్రోలు స్తూపానికి అలంకారంగా తాపడం చేసిన పలకలు పల్నాటి సున్నపురాయి. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు కూడా ఆ జాతి రాయే. ఆంగ్లేయులు దాన్ని పాలరాయి అని పిలిచారు, ఆ పేరే వాడుకలో స్థిరపడింది. నిజానికి పాలరాయి కాదు. భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ రూపు మారిన సున్నపురాయే పాలరాయి అవుతుంది. పల్నాటి రాయి ఆ దశకు చేరలేదు. సన్నని రేణువు, మెత్తని ఒడలు. అందువల్లనే అమరావతి శిల్పి ఒక్క పలక మీద ఏనుగునూ, దాని మీది మావటినీ, మావటి మెడలోని హారాన్నీ, హారంలోని పూసలనూ విడివిడిగా చూపగలిగాడు. నల్లరాతి మీద అంత సన్నని పని కష్టసాధ్యం.

ఆ గుణమే దానికి మృత్యువైంది. ఉలికి సులభంగా లొంగే రాయి బట్టీకి కూడా సులభంగా లొంగుతుంది. సున్నపురాయిని సుమారు తొమ్మిది వందల డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. 18వ శతాబ్దం చివర అమరావతి దిబ్బ బయటపడ్డాక, కాలిన్ మెకంజీ మొదటిసారి వచ్చి చూసిన నాటికీ, మళ్ళీ 1816లో వచ్చి చూసిన నాటికీ నడుమ ఎన్ని పలకలు ఇండ్ల కట్టుబడిలోకి పోయాయో, ఎన్ని సున్నపు బట్టీలోకి పోయాయో తలచుకొంటే గుండె బరువెక్కుతుంది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరి, వాటిలో చాలా భాగం 1859లో లండన్ చేరాయి. బట్టీ తప్పించుకొన్నవి ఓడ ఎక్కాయి.

భట్టిప్రోలు కథ ఇంకొక విధం. ఇక్కడ బట్టీ కాదు, కాలువ. స్తూపపు ఇటుకలను రోడ్డు పనికి, పలకలను వెల్లటూరు దగ్గర కాలువ కట్టుబడికి తీసుకుపోయిన సంగతి పురావస్తు నివేదికలలో నమోదై ఉన్నది. రీ వచ్చేనాటికి పైభాగం చాలావరకు పోయింది. గర్భం మాత్రం మిగిలింది.

ఇది చదివి వెంటనే ఆ ఇంజనీర్లను తిట్టబోయే ముందు ఒక్క క్షణం ఆగుదాం. రాయి లేని సీమలో తూము కట్టవలసినవాడికి, కట్టవలసిన చోటికి కూతవేటు దూరంలో చెక్కి చదును చేసిన పలకలు వందలుగా పడి ఉంటే అవి దేవుడిచ్చిన వరంలాగే తోచి ఉంటాయి. పైగా ఆ కాలువ ఎందుకు వచ్చిందో కూడా మరచిపోరాదు. 1832-33, నందన నామ సంవత్సరం. గుంటూరు సీమను డొక్కల కరువు తుడిచిపెట్టిన సంవత్సరం అది. సుమారు అయిదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా మనుషులు పోయారని అంచనా. కృష్ణ పక్కనే పారుతూ సముద్రంలో కలుస్తూ ఉండగా గట్టు మీద మనుషులు ఆకలితో పోయారు. నీరు లేక కాదు, నీటిని నిలిపే రాయి లేక.

ఆ రాయిని నిలబెట్టింది బెజవాడ దగ్గర. ఆర్థర్ కాటన్ గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్టను 1847-52 మధ్య కట్టించిన తరువాత, అదే పద్ధతిలో కృష్ణ మీద 1852లో పని మొదలై 1855లో ముగిసింది. పని జరిపించినవాడు కెప్టెన్ ఆర్. స్థలం ఎంపికలోనే సగం విజయం ఉన్నది. అక్కడ నది ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ ఇరుకై పోతుంది. రెండు దరులా కొండే. అంటే రాయి చేతికందేటంత దగ్గర. కాని నది అడుగు మాత్రం ఇసుక. ఇసుక మీద రాయి నిలిపే విద్య అది.

ఇక్కడ రాతికి కావలసిన గుణం కాఠిన్యం కాదు, బరువు. ఒక ఘనపు మీటరు కొండరాయి సుమారు రెండు టన్నుల ఆరున్నర వందల కిలోలు తూగుతుంది. నీటిలో మునిగితే అది తొలగించిన నీటి బరువు, అంటే ఒక టన్ను, తగ్గిపోతుంది. మిగిలేది ఒకటిన్నర టన్నులకు కాస్త పైమాట. వరద ఆ మిగిలిన బరువుతోనే పోట్లాడుతుంది. నీటి వేగం రెట్టింపు అయితే అది దొర్లించగల రాతి బరువు రెట్టింపు కాదు, అరవైనాలుగు రెట్లు అవుతుందని 19వ శతాబ్దపు గణితజ్ఞులు లెక్క తేల్చారు. అందువల్లనే సామాన్యమైన వరదలో కదలని రాయి పెనువరదలో బంతిలాగా పోతుంది. ఆనకట్ట దిగువన పరచిన బండరాళ్ళ పరుపు వరదకు కుంగడం, మళ్ళీ రాళ్ళు తెచ్చి పోయడం నిరంతరం సాగవలసిన పని. కట్టడం అంటే ఒకసారి కట్టి వదిలేసేది కాదని ఆ పరుపు చెబుతుంది. ఆ ఆనకట్ట దాదాపు నూరేళ్ళు డెల్టాను పోషించి, 1952లో గండి పడింది. తరువాత 1954లో మొదలై 1957లో ముగిసినదే నేటి ప్రకాశం బ్యారేజి. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఆ బ్యారేజిని దాటి పోయింది. పడవలు కొట్టుకొచ్చి గేట్ల బరువు దిమ్మెలు దెబ్బతిన్నాయి గాని కట్టడం నిలిచింది.

పంచాంగం చూసే అలవాటున్నవారికి ఒక చిన్న విశేషం. 1832లో కరువు, 1892లో భట్టిప్రోలు తవ్వకం, 1952లో ఆనకట్టకు గండి. మూడూ అరవయ్యేళ్ళ ఎడంతో నందన నామం వచ్చిన ఏళ్ళే. దీనిలో ఫలితార్థం ఏమీ లేదు, కాకతాళీయం. కాని మా సీమ చరిత్రను గుర్తు పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి కొండగుర్తు నాకు దొరకలేదు.

రాతిని కట్టుబడికి ముందే పరీక్షించడం పాశ్చాత్యులు నేర్పిన విద్య కాదు. మన శిల్పశాస్త్ర గ్రంథాలు శిలలను పుం శిల, స్త్రీ శిల, నపుంసక శిల అని మూడుగా విభజించాయి. ఆ విభజనకు ఆధారం ధ్వని. రాతిని కొట్టినప్పుడు గంటలాగా మోగితే ఒకటి, కంచు తాళంలాగా పలికితే ఒకటి, ధ్వని లేకపోతే ఒకటి. మొదటి రెండూ మూర్తులకు, పీఠాలకు. మూడవది పునాదికి. ఈనాటి భూగర్భశాస్త్రజ్ఞుడు కూడా కొండ మీదికి పోగానే మొదట చేసే పని సుత్తితో కొట్టి వినడమే. గట్టి రాయి ఖంగుమంటుంది, లోపల బీటలు వారినది, నీరు తగిలి శిథిలమైనది దబ్బుమంటుంది. ప్రయోగశాలలో అదే పనిని చెవికి వినపడని అతిధ్వని తరంగాలతో చేస్తారు. తరంగం వేగంగా దాటితే రాయి నిబ్బరమైనది, నెమ్మదిగా దాటితే లోపల సందులున్నాయని అర్థం. సాధనం మారింది గాని సూత్రం ఒకటే.

ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయంలో నూతి తవ్వకానికి అడ్డు వచ్చిన బండను పగలగొట్టే ఉపాయం చెప్పాడు. మోదుగ, తుమికి కట్టెలతో బండను ఎర్రగా కాల్చి, సున్నపునీళ్ళు చల్లితే పగులుతుందట. ఇందులో మంత్రం లేదు. నల్లరాతిలో రకరకాల ఖనిజాలు కలిసి ఉంటాయి. వేడికి ఒక్కొక్కటి ఒక్కొక్క కొలతలో ఉబ్బుతుంది. వాటి నడుమ పొత్తు చెడి లోపల సన్నని బీటలు పుడతాయి. మీద చన్నీళ్ళు పడేసరికి పైపొర ముడుచుకొని, పుట్టిన బీట నోరు తెరుస్తుంది. మన వడ్డెరలు తరతరాలుగా బండను మంటపెట్టి లేపిందీ, వరసగా గంట్లు పెట్టి చీలలు దిగగొట్టి చీల్చిందీ ఈ విద్యతోనే. ఏ వాలున కొడితే బండ చీలుతుందో వారికి చూపుతోనే తెలుస్తుంది. ఆ వాలును ఇంజనీర్లు తలం అంటారు.

ఇక నేటి పరీక్షల సంగతి. ప్రధానమైనది సంపీడన బలం, అంటే ఎంత ఒత్తిడికి రాయి నలుగుతుందన్నది. కొండలోకి బోలు బరమా దింపి, చెరకు ముక్కలాంటి రాతి కడ్డీని బయటికి తీస్తారు. వాడుకలో ఉన్న ఒక కొలత 54 మిల్లీమీటర్ల లావు. దాని పొడవు లావుకు రెండు, మూడు రెట్లు ఉండేటట్టు కోసి, రెండు కొసలూ నునుపు చేసి, యంత్రపు దవడల నడుమ నిలబెట్టి నెమ్మదిగా బరువు పెంచుతారు. కొంతసేపు ఏమీ జరగదు. ఆపైన చిన్న చిటచిట. తరువాత ఒక్కసారిగా ఫెళ్ళుమని పోతుంది. మంచి నల్లరాయి చదరపు సెంటీమీటరుకు 1000 నుంచి 2500 కిలోల దాకా ఆపుతుంది. 1500 అనుకొందాం. మన బొటనవేలి గోరంత చోటు మీద ఇరవై ధాన్యపు బస్తాలు పేర్చినట్టు లెక్క!

నలిపితే ఇంత బలమున్న రాయి, లాగితే మాత్రం చాలా బలహీనం. సుమారు పదో వంతుకే తెగిపోతుంది. రాతిని రెండు కొసలా పట్టి లాగడం కష్టం గనుక, బ్రెజిల్ దేశపు ఇంజనీరు లోబో కార్నెయిరో 1943లో ఒక ఉపాయం కనిపెట్టారు. రాతిని అప్పచ్చిలాగా గుండ్రటి బిళ్ళగా కోసి, అంచు మీద నిలబెట్టి పైనుంచి నొక్కితే అది నడిమికి నిలువునా చీలుతుంది. ఆ చీలిక దాని తన్యబలాన్ని చెబుతుంది. మన మండపాలలో అన్ని స్తంభాలు ఎందుకని ఎప్పుడైనా అనుకొన్నారా? హనుమకొండ వేయిస్తంభాల గుడిని తలచుకోండి. దూలం అడ్డంగా పడుకొన్నప్పుడు దాని పైభాగం నలుగుతుంది, కిందిభాగం సాగుతుంది. సాగడం రాతికి చేతకాదు. అందువల్ల రాతిదూలం పొట్టిగా ఉండక తప్పదు, దూలం పొట్టిదైతే స్తంభాలు దగ్గరదగ్గరగా రాక తప్పదు. స్తంభాల అడవి కేవలం శిల్పుల విలాసం కాదు, రాతి శాసనం.

మరి కొన్ని పరీక్షలు మన ఇంటి మాటల్లోనే చెప్పవచ్చు. రాతిని ఆరబెట్టి తూచి, నీటిలో నానబెట్టి మళ్ళీ తూస్తే ఎంత నీరు పీల్చిందో తెలుస్తుంది. మంచి నల్లరాయి నూటికి ఒకటి కూడా పీల్చదు, ఇసుకరాయి చాలా పీలుస్తుంది. పీల్చే రాయికి ఆయుష్షు తక్కువ. రోడ్డుకు వేసే కంకరను ఇనుప పీపాలో ఉక్కు గుండ్లతో కలిపి వందలసార్లు తిప్పి, ఎంత పొడి అయిందో జల్లెడ పట్టి చూస్తారు. రోడ్డు పైపొరకు నూటికి ముప్ఫై కంటే ఎక్కువ పొడి కారాదని సాధారణ నియమం. కొత్త రోలు ఇంటికి వచ్చినప్పుడు మన అమ్మలు ఊక వేసి రుబ్బి, ఇసుక రాలుతుందేమోనని వేలితో తడిమి చూసింది ఏమిటి? అదే పరీక్ష. తిరగలికి ఎన్నాళ్ళకు మళ్ళీ కక్కు కొట్టించాలన్నది కూడా రాతి అరుగుదల లెక్కే.

ఇంతవరకూ చేతిలో పట్టుకొన్న రాతి ముక్క సంగతి చెప్పాను. కొండ సంగతి వేరు. ఈ భేదాన్ని ప్రపంచం ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకొన్నది. ఆ నేర్చుకొన్న కాలంలోనే మన నాగార్జునసాగరం లేచింది.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నందికొండ దగ్గర శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. పునాది నుంచి ఎత్తు సుమారు 125 మీటర్లు. కాంక్రీటుతో కాక రాతితో కట్టిన ఆనకట్టలలో ప్రపంచంలోనే పెద్దదిగా పేరు పొందింది. సిమెంటుకూ, విదేశీ యంత్రాలకూ కరువున్న దేశం, మనుషుల చేతులకు కరువు లేని దేశం. రాతికట్టడాన్ని ఎంచుకోవడంలో ఆ వివేకం ఉన్నది. వేలాదిమంది కూలీలు తలల మీద, కావళ్ళ మీద రాయి మోసి కట్టిన గోడ అది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఘనపు మీటరుకు రెండున్నర టన్నుల లోపు బరువుండే రాతికట్టడాన్ని 125 మీటర్ల ఎత్తు పేర్చితే అడుగున చదరపు మీటరు మీద సుమారు 300 టన్నులు పడుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 30 కిలోలు. మన నల్లరాయి ఆపగలిగేది వెయ్యికి పైమాట. ముప్ఫై రెట్లకు మించిన బలం చేతిలో ఉండగా భయం దేనికి? పరీక్షలు దేనికి?

దీనికి సమాధానం 1959 డిసెంబరు 2 రాత్రి ఫ్రాన్సులో దొరికింది. ఫ్రెజూస్ పట్టణానికి ఎగువన మాల్పాసె అనే సన్నని కమాను ఆనకట్ట. కాంక్రీటు మంచిదే, రాతి ముక్కలు బలమైనవే. కాని ఎడమ దరి కొండలో బీటలు ఉన్నాయి. నీరు ఆ బీటలలోకి చొరబడి, లోపలినుంచి ఒత్తిడి పెట్టి, ఆనకట్ట కాలు మోపిన చోటునే కదిలించింది. నాలుగు వందల మందికి పైగా పోయారు. నాలుగేళ్ళు తిరగకముందే, 1963 అక్టోబరు 9న, ఇటలీలో వయోంట్ జలాశయంలోకి ఒక కొండచరియ మొత్తం జారింది. ఎగసిన నీరు ఆనకట్ట మీదుగా దూకి దిగువ ఊళ్ళను ముంచింది. సుమారు రెండువేల మంది పోయారు. ఆనకట్ట మాత్రం అట్లాగే నిలబడి ఉన్నది. మొదటి చోట కట్టడం కింది కొండ మోసం చేసింది, రెండో చోట పక్కనున్న కొండ మోసం చేసింది. బండ బలం వేరు, కొండ బలం వేరు అన్న సత్యం అప్పటికి అందరికీ ఎక్కింది. ఆ రెండింటి నడుమ, 1962లో, ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గులో లియోపోల్డ్ ముల్లర్ నాయకత్వాన అంతర్జాతీయ శిలాయాంత్రిక శాస్త్ర సంఘం ఏర్పడింది. శిలాయాంత్రికం ఒక శాస్త్రంగా తన కాళ్ళ మీద తాను నిలబడింది ఆ దశాబ్దంలోనే.

కొండ బలాన్ని కొలిచేదెట్లా? అమెరికాకు చెందిన డీర్ 1960లలో చెప్పిన ఉపాయం వింటే ఇంత సులువా అనిపిస్తుంది. బరమాతో తీసిన రాతికడ్డీ ముక్కలను పెట్టెలో వరసగా పేర్చండి. పది సెంటీమీటర్లు, అంతకు పైబడిన ముక్కలను మాత్రమే కలిపి కొలవండి. మొత్తం పొడవులో అది నూటికి ఎంత? తొంభై దాటితే కొండ దిట్టమైనది, ఇరవై అయిదు లోపైతే నమ్మరానిది. ఇంకొకటి స్విట్జర్లాండుకు చెందిన లూజాన్ 1933లో ప్రతిపాదించిన నీటి పరీక్ష. రంధ్రంలోకి ఒత్తిడితో నీరు పంపి, మీటరు పొడవున నిమిషానికి ఎన్ని లీటర్లు కొండ తాగుతుందో చూడడం. తాగుతూ ఉంటే బీటలు ఉన్నట్టే. అప్పుడు ఆ బీటలలోకి సిమెంటు పాలు ఎక్కిస్తారు. ఆనకట్టకు అసలు పునాది, కనిపించే గోడ కింద ఉన్న ఈ కనిపించని పూత.

ఈ విద్యకు మన తెలుగువారు ప్రాణాలతో కూడా మూల్యం చెల్లించారు. కోలారు బంగారు గనులలో తమిళులతోపాటు తెలుగువారు తరతరాలుగా పనిచేశారు. అక్కడ ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అంత లోతున పైనున్న కొండ బరువుకు రాయి ఉన్నట్టుండి తుపాకి గుండులాగా పేలిపోతుంది. గని తవ్వేవారు దాన్ని రాక్ బర్‌స్ట్ అంటారు. ఆ పేలుళ్ళను అధ్యయనం చేసిన అనుభవం మీదనే 1988లో జాతీయ శిలాయాంత్రిక సంస్థ ఆ ఊళ్ళోనే ఏర్పడింది. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి, విద్య మాత్రం మిగిలింది. అయినా విద్య ఉన్నంత మాత్రాన కొండ లొంగదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో పైకప్పు కూలి, నీరూ బురదా ముంచెత్తి ఎనిమిదిమంది చిక్కుకుపోయారు. వారిలో ఒక్కరూ ప్రాణాలతో తిరిగి రాలేదు. కృష్ణ నీటిని కరువు నేలకు తీసుకుపోవడానికి తవ్వుతున్న సొరంగం అది. నీటి కోసం రాతితో పోరాటం 1852లో మొదలై ముగిసిపోయిన కథ కాదు.

ఇప్పుడు భట్టిప్రోలు దగ్గరికి మళ్ళీ రావాలి. నాగార్జునసాగరం కట్టినప్పుడు కూడా అదే సంకటం ఎదురైంది. నీరు కావాలంటే నాగార్జునకొండ లోయ మునగాలి. ఇక్ష్వాకుల విజయపురి, చైత్యాలు, విహారాలు, పల్నాటి సున్నపురాతి మీద చెక్కిన బుద్ధచరిత్ర అంతా జలసమాధి కావాలి. కాని ఈసారి దేశం ఆగి ఆలోచించింది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి, కొండ మీదికీ అనుపుకూ తరలించి మళ్ళీ నిలబెట్టారు. కొండ నేడు జలాశయం నడుమ ద్వీపం. వెల్లటూరు కాలువ కోసం స్తూపాన్ని విప్పినవారు ఒక తరం, సాగరం కోసం లోయను ముంచుతూ రాళ్ళను పైకి మోసినవారు ఇంకొక తరం. రెండు తరాలకూ అవసరం ఒకటే, నీరు. భేదమల్లా, రెండవ తరానికి రాతిలో బరువుతోపాటు అక్షరం కూడా కనిపించింది.

శాస్త్రం రాతిని నలిపి, చీల్చి, నానబెట్టి, అరగదీసి దాని గుణాలను పట్టికగా రాస్తుంది. ఆ పట్టిక లేకపోతే ఆనకట్ట లేదు, ఆనకట్ట లేకపోతే మా చెరుకుపల్లి పొలాలు లేవు. ఆ ఋణం నేను మరువను. కాని ఏ యంత్రమూ కొలవని గుణం ఒకటి రాతికి ఉన్నది. అది మాటను మోస్తుంది. కుబిరకుని పేరు మోసిన పేటికకు సంపీడన బలం ఎంతో ఎవరూ పరీక్షించి ఉండరు. రెండువేల ఏళ్ళు అక్షరాన్ని చెడకుండా కాపాడిందన్నదే దానికి చాలు.

కాలువలను బాగుచేసే పనులు మా డెల్టాలో ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి. పాత లాకులు, తూములు విప్పి కొత్తవి కడుతుంటారు. అటువంటి చోట నల్లరాళ్ళ నడుమ తెల్లగానో, బూడిద, ఆకుపచ్చ కలిసిన వన్నెలోనో నున్నని పలక ఏదైనా కనిపిస్తే, దాన్ని కంకర గుట్టలోకి పోనీయకుండా ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి. పద్మపు రేక ఉండవచ్చు, అక్షరం ఉండవచ్చు. ఉంటే తాసిల్దారు కచేరీకో పురావస్తు శాఖకో ఒక మాట చేరవేయండి. మీ మీ ఊళ్ళలో బొడ్రాయి ఏ రాయో, ఎక్కడినుంచి వచ్చిందో పెద్దలను అడిగి తెలుసుకొన్నవారు ఉంటే ఇక్కడ రాయండి. మా వంటి రాయి లేని ఊరివారికి అది పెద్ద కానుక.